చేర్యాల పటం ఆర్డరిచ్చాక రంగు మార్చమని అడగొచ్చా?

సాంచెల చప్పుడు

మా తాత మీద ఒక చేర్యాల పటం (బట్ట మీద కథను వరస బొమ్మల్లో చెప్పే తెలంగాణ చిత్రం) వేయిస్తున్నాను. తాత సిరిసిల్ల దగ్గరి పల్లెలో చేమగ్గం నేసేవాడు. తర్వాత బతుకుతెరువుకు మహారాష్ట్రలోని భివండి పోయి 30 ఏళ్లు సాంచెల (కరెంటు మగ్గాల) మీద పనిచేశాడు. ఆ బతుకంతా ఎనిమిది బొమ్మల్లో రావాలని నా కోరిక. అయిదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, 24,000 రూపాయలకు మాట్లాడుకున్నాం. సగం అడ్వాన్సు ఇచ్చాను. పెన్సిల్ గీతలు వాట్సాప్‌లో పంపితే చూసి సరే అన్నాను.

మొన్న రంగులు వేసిన ఫొటో వచ్చింది. రెండు విషయాలు మింగుడు పడలేదు. వెనకంతా ఎరుపు. మా హాలు గోడ మీగడ రంగు, పటం కూడా లేత రంగులోనే ఉంటుందని నేను అనుకున్నా. పైగా తాత ముఖం తాతలా లేదు. ఫొటో పంపాను కూడా. తాతకూ, కార్ఖానా సేటుకూ, రైల్లో కూర్చున్న వాళ్లకూ అందరికీ ఒకేలాంటి పెద్ద కళ్లు.

మార్చమంటే పటం వేసే ఆయన కోపం లేకుండానే చెప్పారు: "ముఖం సంగతి చూద్దాం అమ్మా. ఎరుపు మాత్రం తీయను. అది వద్దంటే అడ్వాన్సు తిరిగిచ్చేస్తా." మా తమ్ముడేమో "డబ్బు మనది, తాత మనవాడు, రంగు మనమే చెప్పాలి" అంటాడు. రెండు రోజులుగా నాకు ఒకటే టెన్షన్. ఆర్డరిచ్చిన వాళ్ల మాట ఎంతవరకు చెల్లుతుంది?

కొత్త ఫ్లాటు

మీ తమ్ముడు చెప్పిందే సరైనది. నేను కూడా ఒకసారి అమ్మానాన్నల బొమ్మ వేయించాను, ఆయిల్ పెయింటింగ్. మొత్తం డబ్బు ముందే ఇచ్చేశాను. ఏడు నెలలు తిప్పి చివరికి అమ్మ చీర రంగు తప్పు వేసి ఇచ్చారు. అది అమ్మ పెళ్లి చీర. ఇప్పటికీ ఆ బొమ్మ చూసినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. ఆర్డరిచ్చేవాళ్ల బాధ ఎవరూ పట్టించుకోరు.

సంప్రదాయం అంటారా, చేర్యాల పని ఇప్పటికే చాలా మారింది. ఒకప్పుడు 40 అడుగుల పైన ఉండే పటాలు ఇప్పుడు ఫ్రేములోకి వచ్చాయి. రాళ్లు నూరి చేసుకున్న రంగుల స్థానంలో చాలామంది డబ్బా రంగులు వాడుతున్నారు. కీచైన్ల మీద కూడా వేస్తున్నారు. ఇన్ని మారినప్పుడు వెనక రంగు ఒక్కటి మారకూడదంటే ఎలా?

కరక్కాయ

మాది శ్రీకాళహస్తి, కలంకారీ ఇల్లు. చేర్యాల పని నాకు లోతుగా తెలియదు కాబట్టి మా పని సంగతే చెప్తాను. బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతాం. తర్వాత కసిమితో గీత గీస్తాం. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో రోజుల తరబడి నానబెడితే వచ్చేదే కసిమి. అది కరక్కాయ పట్టిన బట్టకు తగిలిందంటే నల్లగా పట్టేస్తుంది. ఇక ఉతికినా పోదు, చెరిపినా పోదు. సగం పని అయ్యాక "అమ్మవారి చెయ్యి కొంచెం పైకి జరపండి" అని ఫోన్ చేస్తారు. జరపడానికి అక్కడ వీలే లేదండి, కొత్త బట్ట తీసుకోవాల్సిందే.

అయినా మీ పటం వేసే ఆయన తప్పు కూడా కొంత ఉంది. పెన్సిల్ గీతలు పంపేటప్పుడే "వెనక ఎరుపు వస్తుంది" అని ఒక్క మాట చెప్పాల్సింది. ఆయన రోజూ చేసే పని కాబట్టి అందరికీ తెలుసనుకుని ఉంటారు. మేమూ అదే పొరపాటు చేస్తుంటాం.

నల్లకోటు

చట్టం సంగతి చెప్తాను, ఎందుకంటే దీన్ని రెండు వైపులా తప్పుగా అనుకుంటారు. కాపీరైట్ చట్టం 1957, సెక్షన్ 17 ప్రకారం డబ్బిచ్చి వేయించుకున్న చిత్రానికి, వేరే ఒప్పందం లేకపోతే, వేయించుకున్నవారే కాపీరైటుకు మొదటి యజమాని. కాబట్టి ఆ పటాన్ని మీరు పెళ్లి కార్డు మీద అచ్చు వేయించుకోవచ్చు.

కానీ సెక్షన్ 57 కింద గీసినవారి హక్కు గీసినవారికే ఉంటుంది. బొమ్మ తనదని చెప్పుకోవచ్చు. తన పరువుకు భంగం కలిగేలా దాన్ని మారిస్తే అడ్డుకోవచ్చు. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ కోసం శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేత ప్రభుత్వమే ఒక పెద్ద కంచు శిల్పం చేయించింది. 1979లో దాన్ని గోడ మీంచి తీసేసి గోదాములో పడేశారు. ఆయన కోర్టుకెక్కారు. 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన ముక్కలు ఆయనకు తిరిగివ్వమని, 5 లక్షల పరిహారం కట్టమని తీర్పు చెప్పింది. డబ్బిచ్చి చేయించింది ప్రభుత్వమే, అయినా అలా పడేసే హక్కు దానికి లేకపోయింది. అందుకే, మీ పటం వేసే ఆయన దగ్గర పటం తీసుకుని తర్వాత వేరే ఎవరితోనో ఎరుపు మీద మీగడ రంగు పూయించే ఆలోచన ఉంటే మానుకోండి.

ఇక ఏ రంగు వేయాలన్నది మీరిద్దరూ మాట్లాడుకున్న దాని మీదే ఆధారపడుతుంది. మీ వాట్సాప్ మెసేజ్‌లలో రంగు ప్రస్తావన ఉందా?

సాంచెల చప్పుడు

లేదండి. ఇప్పుడే మొత్తం వెతికాను. కొలతలు, బొమ్మల వరస, తారీఖు ఉన్నాయి. రంగు గురించి ఒక్క మాట కూడా లేదు.

మానేరు గట్టు

అమ్మా, నేను మీ తాత వయసువాడినే అనుకోండి. మీరు పద్మశాలీలైతే మీ ఇంటి పెద్దలు పటం చూపించి కథ చెప్పే కూనపులి వాళ్లను చూసే ఉంటారు. మా ఊరికి వచ్చేవాళ్లు. రాత్రి పటం విప్పి మార్కండేయ పురాణం చెప్పేవాళ్లు. ఒక్కో కులానికి కథ చెప్పేవాళ్లు వేరు: గౌడులకు గౌడజెట్టి వాళ్లు, ముదిరాజులకు కాకిపడగల వాళ్లు. వీళ్లందరూ చేర్యాల నకాశీల (పటాలు వేసేవాళ్ల) దగ్గరికి పోయి పటం రాయించుకునేవాళ్లు. పటం పాతబడితే నీళ్లలో కలిపి, మళ్లీ కొత్తది రాయించుకునేవాళ్లు. అంటే ఆర్డరిచ్చి రాయించుకోవడం ఈ పనికి కొత్త కాదు, అసలు ఈ పని పుట్టిందే అలా.

నాకు గుర్తున్నది చెప్తాను. పెట్రోమాక్స్ లైటు కింద, గుంపులో అందరికన్నా వెనక కూర్చున్నా నాకు బొమ్మలు కనబడేవి. ఆ ఎరుపు మీద పసుపు ఒళ్లు, నల్ల గీత, తెల్ల కళ్లు. లేత రంగు మీద ఆ బొమ్మ నిలబడదు. ఖద్దరు బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పూతల మీద పూతలు పెట్టి ఆరబెట్టేది ఆ రంగు పట్టడానికే.

ముఖం సంగతి. ఆ పటాల్లో మనిషిని ముఖం చూసి పోల్చుకోం తల్లీ. మోకు (తాటిచెట్టు ఎక్కే తాడు) ఉంటే కల్లుగీత కార్మికుడు, మగ్గం ముందు కూర్చుంటే సాలె. ఎవరు ఎవరన్నది ఒంటి మీదున్నవీ చేతిలో ఉన్నవీ చెప్తాయి. మీరు ఆయనకు తాత ఫొటో పంపారు. తాతను ఊళ్లో దేన్ని చూసి గుర్తుపట్టేవాళ్లో అది పంపారా?

కొత్త ఫ్లాటు

పెద్దాయన చెప్పింది బాగుంది. అయినా నా మాట నేను వదలను. ఆమె నెల జీతంలోంచి దాచి ఇస్తున్న డబ్బు. పటం రోజూ చూసుకోవాల్సింది ఆమె. ఇష్టం లేని రంగును గౌరవం పేరుతో భరించమనడం న్యాయం కాదు. అడ్వాన్సు తిరిగిస్తానన్నారు కదా, అది మాత్రం పెద్ద మనసే. నాకు అలా ఎవరూ అనలేదు.

రంగుల గిన్నె

నేను విజయవాడలో పోర్ట్రెయిట్లు వేస్తాను. నా దగ్గర గీత దశలో రెండు మార్పులు ఉచితం, రంగు పడ్డాక ప్రతి మార్పుకూ డబ్బు, ఇది ముందే రాసిస్తాను. వెనక రంగు మార్చడమంటే ప్రతి బొమ్మ అంచూ మళ్లీ గీయడమే. ఎనిమిది బొమ్మలకు వారం పైనే పడుతుంది. ఆ వారం కూలి ఎవరిస్తారో మీరు అడగలేదు, ఆయనా చెప్పలేదు.

సాంచెల చప్పుడు

మానేరు గట్టు గారూ, మీ ప్రశ్న చదివి అమ్మకు ఫోన్ చేశాను. తాతను దేంతో గుర్తుపట్టేవాళ్లని అడిగితే అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కళ్లజోడు. దాని ఒక కాడ విరిగితే నూలు దారం కట్టుకుని చెవికి చుట్టుకునేవాడు. కొత్తది కొనిచ్చినా పెట్టుకోలేదు, సాంచె కదులుతుంటే దారమే గట్టిగా ఉంటుందనేవాడు. నేను పంపిన ఫొటో స్టూడియోలో తీసింది, అందులో కళ్లజోడే లేదు.

నకాశీ ఆయనకు ఇది చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "దారం ఏ చెవికి?" అని అడిగారు. కుడి చెవికి. చివరి నాలుగు బొమ్మల్లో వేస్తానన్నారు, దానికి డబ్బు అడగలేదు. నేనే 1,500 ఇస్తానన్నాను.

ఎరుపు అలాగే ఉంటుంది. హాల్లో కాదు, లోపల అమ్మ గదిలో కిటికీ ఎదురుగా పెడదామనుకుంటున్నా. తమ్ముడు ఇంకా ఒప్పుకోలేదు, పటం వచ్చాక చూసి చెప్తానన్నాడు.