38 ఏళ్ళకే గర్భసంచి, ఓవరీలు తీసేశారు. ఎముకల కోసం ఇప్పుడు హార్మోన్ మాత్ర వేసుకోవచ్చా?

నరసాపురం లేసు:
మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. నాకు 45 ఏళ్ళు. పన్నెండో ఏట నుంచి లేసు అల్లుతున్నాను. ఏడేళ్ళ కిందట బ్లీడింగ్ ఎక్కువవుతోందని గర్భసంచి తీసేశారు. దాంతోపాటు ఓవరీలు రెండూ తీసేశారని నాకు ఈ మధ్యే తెలిసింది. పాత డిశ్చార్జి కాగితం మా అమ్మాయి చదివి చెప్పింది. అప్పట్లో మందులేమీ రాయలేదు. రాత్రుళ్ళు ఒంట్లోంచి ఆవిర్లు వచ్చి జాకెట్టు తడిసిపోయేది. మన ఎండలు, ఉక్కపోత అంతేలే అనుకున్నాను.

మొన్న కార్తీకంలో దీపం వదలడానికి కాలువ రేవులోకి దిగుతూ జారాను. మెట్టు జానెడు ఎత్తు కూడా ఉండదు. చెయ్యి ఆనించానంతే, కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు పిండికట్టు. తర్వాత ఎముక గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్ తీస్తే వెన్నుపూస టీ స్కోరు (ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్ళ ఎముకతో పోల్చే లెక్క, మైనస్ ఎంత పెరిగితే ఎముక అంత బలహీనం) మైనస్ 2.7, తుంటి మైనస్ 2.1 వచ్చింది. డాక్టరమ్మ ఈస్ట్రోజన్ అనే హార్మోన్ మాత్ర రాశారు. పక్కింటి అక్క చూసి "అది వేసుకుంటే రొమ్ము క్యాన్సరొస్తుంది, నీకెందుకే" అంది. ఆ మాత్రల షీటు పది రోజులుగా దేవుడి గూట్లోనే ఉంది. సూది పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది. చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

అమలాపురం సిస్టర్:
చెల్లెమ్మా, నేను ముప్పై ఏళ్ళు స్టాఫ్ నర్సుగా చేశాను. నువ్వు రాసినదాంట్లో అసలు విషయం ఆ డిశ్చార్జి కాగితమే. గర్భసంచి ఒక్కటే తీస్తే ఓవరీలు ఇంకొన్నేళ్ళు పనిచేస్తాయి. రెండూ తీసేస్తే ఆ రోజుతోనే ఈస్ట్రోజన్ పడిపోతుంది. మామూలుగా యాభై దాకా అందాల్సింది నీకు 38లోనే ఆగిపోయింది.

మన చెరువు గట్టు సంగతి చూడు. ఒకవైపు మట్టి కోసుకుపోతుంటే ఇంకోవైపు వేస్తూనే ఉంటాం. ఎముకా అంతే, ఒక రకం కణాలు పాతది కరిగిస్తుంటే ఇంకో రకం కణాలు కొత్తది కడతాయి. ఆ కరిగించేవాటిని హద్దులో ఉంచేది ఈస్ట్రోజన్. అది లేకపోతే కోత ఎక్కువవుతుంది, మొదటి కొన్నేళ్ళు మరీ వేగంగా. ముందు దెబ్బతినేవి మణికట్టు, వెన్నుపూస.

క్యాన్సర్ భయం ఊరికే పుట్టలేదు. అమెరికాలో ఒక పెద్ద పరిశోధన 50 నుంచి 79 ఏళ్ళ ఆడవాళ్ళ మీద జరిగింది, సగటు వయసు 63. గర్భసంచి ఉన్న 16,608 మందిలో కొందరికి ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ (గర్భసంచి లోపలి పొరను కాపాడడానికిచ్చే ఇంకో హార్మోన్) కలిపి ఇచ్చారు. ఏడాదికి పదివేల మందిలో ఎనిమిది రొమ్ము క్యాన్సర్లు అదనంగా కనిపించాయని 2002లో దాన్ని ఆపేశారు. ఊళ్ళలో తిరిగే మాట అక్కడిదే. కానీ అదే పరిశోధనలో తుంటి విరగడం మూడో వంతు తగ్గింది. గర్భసంచి తీసేసినవాళ్ళకు ఈస్ట్రోజన్ ఒక్కటే ఇచ్చిన భాగాన్ని 2004లో ఆపారు. అక్కడ పక్షవాతం పెరిగింది, రొమ్ము క్యాన్సర్ మాత్రం పెరగలేదు. నీది ఈ రెండో రకం. పైగా నువ్వు ఆ వయసుదానివి కావు. నీలాంటివాళ్ళకు, వద్దనడానికి వేరే కారణం లేకపోతే, కనీసం యాభై దాకా హార్మోన్ ఇవ్వమనే వైద్యులు చెబుతారు.

కాకినాడ కూతురు:
అక్కా, సిస్టరుగారు చెప్పింది నిజమే, కానీ అందరికీ కాదు. మా అమ్మకు 66. తుంటి ఎముక గుల్లబారిందన్నారు. ఆవిడకు లోగడ కాలి నరాల్లో రక్తం గడ్డకట్టింది కాబట్టి ఈస్ట్రోజన్ ఊసే ఎత్తొద్దన్నారు. రొమ్ము క్యాన్సర్, పక్షవాతం వచ్చినవాళ్ళకు, లివర్ జబ్బు ఉన్నవాళ్ళకు కూడా అంతేనట. అమ్మకు ఎముక అరుగుదల తగ్గించే అలెండ్రోనేట్ మాత్ర వారానికొకటి, 70 మిల్లీగ్రాములు. పరగడుపున నిండు గ్లాసు నీళ్ళతో వేసుకుని అరగంట పడుకోకుండా కూర్చోవాలి. ఒకసారి వేసుకోగానే నడుం వాల్చింది, గొంతు మండి రెండు రోజులు అన్నం తినలేకపోయింది. మీకు ఇప్పటికే ఎముక విరిగింది కాబట్టి ఇలాంటిది కూడా అవసరమా అని తప్పకుండా అడగండి.

అమలాపురం సిస్టర్:
మంచి మాట చెప్పావమ్మా. ఇంకొకటి మర్చిపోయాను. హార్మోన్ ఆపితే ఎముక మళ్ళీ అరగడం మొదలవుతుంది, కాబట్టి డాక్టరుకు చెప్పకుండా మధ్యలో మానకండి. కాల్షియం మాత్రల మీదే ఆధారపడొద్దు. రాగి జావ, నువ్వుండలు, ముల్లుతో నమిలి తినే నెత్తళ్ళు మన ఇళ్ళల్లో ఉన్నవేగా. ముట్లు ఆగినవాళ్ళకు రోజుకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి.

నరసాపురం లేసు:
మీ ఇద్దరికీ దణ్ణం. నిన్న వెళ్ళి మీరు చెప్పినవన్నీ అడిగాను. నాకు బీపీ ఉందని మాత్ర మార్చి, చర్మానికి రాసుకునే జెల్ ఇచ్చారు. దాంతో రక్తం గడ్డకట్టే భయం మాత్రకన్నా తక్కువట. విటమిన్ డి పరీక్ష కూడా రాశారు. రెండేళ్ళకు మళ్ళీ డెక్సా. రాత్రి మొదటిసారి రాసుకున్నాను.

పక్కింటి అక్కకు ఇదంతా చదివి వినిపించాను. ఆవిడకూ 39లోనే ఆపరేషన్ అయింది. పొద్దున ట్రంకుపెట్టె తెరిచి డిశ్చార్జి కాగితం వెతుకుతోంది. దొరకగానే మా అమ్మాయి చేత చదివిస్తాను.