చీనీ తోట బేరం నోటిమాట మీదే అయింది, కోర్టులో నిలుస్తుందా?

తాడిపత్రి రైతు: కాయ చెట్టు మీదుండగానే ఒక వ్యాపారి వచ్చి టన్నుకు రేటు ఖాయం చేసి, 20,000 అడ్వాన్స్ ఫోన్‌పేలో వేశాడు. ఇప్పుడు మార్కెట్ పడిపోయేసరికి, రేటు తగ్గిస్తేనే కోస్తా, కాగితం లేదు కదా, నోటిమాట చెల్లదు అంటున్నాడు. కాయ రాలిపోతోంది, ఒకటే టెన్షన్. నిజంగా చెల్లదా అన్నా?

కడప లాయర్: చెల్లుతుంది తమ్ముడూ. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 10వ సెక్షన్ చూడు, ఇద్దరూ ఇష్టపడి, ఒకరిచ్చేదానికి ఇంకొకరు బదులిచ్చేట్టు, చట్టం ఒప్పుకునే పని మీద మాట్లాడుకుంటే అది కాంట్రాక్టే. కోసి ఇచ్చే కాయ చట్టం లెక్కలో సరుకు, సరుకు అమ్మకానికి నోటిమాట చాలు. అదే పొలం అమ్మకమైతే రిజిస్ట్రేషన్ కావాల్సిందే. నీకున్న ఇబ్బంది రుజువు ఒక్కటే. ఫోన్‌పే రసీదు, వాట్సాప్ మెసేజ్‌లు జాగ్రత్త, బేరం నాడు పక్కనున్న వాళ్లెవరో రాసిపెట్టుకో.

నంద్యాల నుంచి: మా బావ దుక్కికి ట్రాక్టర్ ఊరికే ఇస్తానని చివర్లో ఎగ్గొట్టాడు. ఇదీ అంతేనా?

కడప లాయర్: కాదు. నువ్వు బదులేమీ ఇవ్వలేదు, పైగా ఇంటి మాట. 1919లో ఇంగ్లండ్‌లో బాల్ఫోర్ కేసులో, భార్యకు నెలకు 30 పౌండ్లు పంపుతానన్న భర్త మాటనే కోర్టు కాంట్రాక్టు కాదంది.

తాడిపత్రి తమ్ముడూ, కాయను కుళ్లనివ్వద్దు. ముందు వాడికి నోటీసు ఇచ్చి, తర్వాత వచ్చిన రేటుకు వేరేవాళ్లకు అమ్మి బిల్లులు దాచుకో, తగ్గిన తేడాను 73వ సెక్షన్ కింద వాడినే అడగొచ్చు.