కడప ఎండల్లో హస్కీని పెంచొచ్చా?

ప్రొద్దుటూరు తమ్ముడు:
చెల్లెలు డిగ్రీ పాసైతే కుక్కపిల్లను కొనిస్తానని మాటిచ్చాను. తనకు హస్కీయే కావాలంట. ఇంట్లో ఒక రూముకు ఏసీ ఉంది. మా మామ మాత్రం "మంచుదేశపు కుక్కను తెచ్చి ఈ ఎండలో మాడుస్తారా" అంటున్నాడు. పెంచినవాళ్లు చెప్పండి.

కర్నూలు అన్న:
తెచ్చుకో తమ్ముడూ. మాదానికి నాలుగేళ్లు. కూలర్ పెట్టాం, నీళ్లతొట్టి పెట్టాం, పొద్దున అయిదుకే తిప్పుతాం. ఎండాకాలం కదా అని బొచ్చు మాత్రం గొరిగించొద్దు. దానికి రెండు పొరలుంటాయి, పై పొర ఎండను ఒంటికి తగలనివ్వదు. లోపల రాలే మెత్తటి బొచ్చును దువ్వి తీసేస్తే చాలు.

అనంతపురం అక్క:
నేను ఒప్పుకోను అన్నా. మేమూ ఏసీ ఉందిలే అనే తెచ్చాం. మే నెలలో ఒక మధ్యాహ్నం గంటన్నర కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. కానీ ఫ్యాన్ గాలికి ఆరడానికి కుక్కకు మనలాగా ఒంటినిండా చెమట పట్టదు, పాదాల కింద కొంచెం, అంతే. వగర్చడంతోనే అది వేడిని బయటికి పంపుకోవాలి. గాలే 42 డిగ్రీలుంటే ఎంత వగర్చినా ఏం లాభం? కుక్క ఒంటి వేడి మామూలుగా 38.5 దగ్గర ఉంటుంది. డాక్టర్ చూసేసరికి మాదానికి 41 దాటింది. నాలుక ముదురెరుపు, చిక్కటి జొల్లు, నాలుగు అడుగులు వేస్తే తూలిపోయింది. దారిపొడుగునా ఒంటిమీద మామూలు నీళ్లు పోసుకుంటూ, విసురుకుంటూ తీసుకుపోయాం. బతికింది.

ఇంకో మాట. సైబీరియాలో చుక్చీ అనే తెగవాళ్లు మంచుబండ్లు లాగించడానికి పెంచుకున్న జాతి అది. రోజూ బాగా పరిగెత్తాలి. ఇక్కడ ఏప్రిల్, మేలో ఏడు దాటితే బయటికి తీయలేం. పరుగు లేక సోఫా చింపింది, పెరడంతా తవ్వింది, రాత్రిళ్లు ఊళ పెట్టింది. మేము మొండిదని తిట్టాం, ట్రైనర్‌ను పెట్టాం. దాని తప్పేముంది?

కర్నూలు అన్న:
అట్లయితే ల్యాబ్‌లు (ల్యాబ్రడార్లు), పగ్‌లు కూడా వద్దంటారా అక్కా?

అనంతపురం అక్క:
ల్యాబ్‌ను జాగ్రత్తగా నెట్టుకురావచ్చు. పగ్ మాత్రం వద్దనే అంటాను. ముక్కు చప్పిడి, వగర్చడమే దానికి కష్టం.

గుంతకల్లు:
తమ్ముడూ, నాటుకుక్క పిల్లను తెచ్చుకో. చెప్పిన మాట వినవంటారు గానీ అది నిజం కాదు. ఉడికించిన కోడి లివర్ చిన్న ముక్కలు చేసి, పూటకు అయిదు నిమిషాలు మాదానికి నేర్పాను. నాలుగు రోజుల్లో "కూర్చో" అంటే కూర్చుంది. ఒక్క దెబ్బ వేయలేదు. మన పక్క కర్ణాటక ముధోల్ వేటకుక్కలకు సైన్యమే మీరట్‌లో ట్రైనింగ్ ఇచ్చింది. ఏ పిల్లను తెచ్చినా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీసే వాంతులు, విరేచనాల జబ్బు) టీకా మొదలుపెట్టు, మూడో నెలలో రేబిస్‌ది వేయించు.

ప్రొద్దుటూరు తమ్ముడు:
ఈరోజు రెండింటికి వాకిట్లో కడప బండ మీద అరచేయి పెట్టాను. అయిదు లెక్కపెట్టేలోపే తీసేశాను. చెల్లెలి చేత కూడా పెట్టించాను. తను ఇంకా అలిగే ఉంది, అడ్వాన్స్ మాత్రం పంపలేదు. అక్కా, మీ కుక్క ఇప్పుడెట్లుంది?

అనంతపురం అక్క:
బాగుంది నాన్నా. ఏసీకి కూడా సరిపోయే పెద్ద ఇన్వర్టర్ పెట్టించాం. ఎండాకాలమంతా ఎవరో ఒకరం ఇంట్లోనే ఉంటాం. పోయిన నెల మా చిన్నమ్మ కూతురి పెళ్లికి కూడా నేను పోలేదు.