లివర్‌పూల్‌కి కొత్త, ఆర్గ్యుమెంటేషన్ ప్రాజెక్టు: ఎక్కడ మొదలుపెట్టాలి?

అందరికీ నమస్తే. ఎమ్మెస్సీకి ఈమధ్యే లివర్‌పూల్ వచ్చాను. ప్రాజెక్టు ఫార్మల్ ఆర్గ్యుమెంటేషన్ మీద, అంటే ఒకదాన్నొకటి ఖండించే వాదనల్లో ఏవి నిలుస్తాయో లెక్కగా తేల్చడం. దీనికి పునాది వేసిన డుంగ్ 1995 పేపరు చదివి రమ్మన్నారు, డెఫినిషన్ల దగ్గరే ఆగిపోయాను. పైగా రూము వెతుకులాట ఒకటి. తేలిక దారేమైనా ఉందా?

> తమ్ముడూ, సరైన ఊరికే వచ్చావు. ఈ సబ్జెక్టు వాళ్ల COMMA కాన్ఫరెన్స్ 2006లో మొదలైంది అక్కడే.
>
> ముందు కాగితం, పెన్ను తీసుకో. వాదనలు చుక్కలు, ఏది దేన్ని కొడుతుందో బాణాలు. చుక్కలో ఏముందో డుంగ్ పట్టించుకోడు. నీ రూము గొడవే గియ్యి. మొదటిది: "ఈ రూము తీసుకుందాం, క్యాంపస్‌కి దగ్గర." రెండోది దాన్ని కొడుతుంది: "ఇల్లు చూపించకుండా అడ్వాన్స్ అడుగుతున్నాడు, వద్దు." మూడోది రెండోదాన్ని కొడుతుంది: "వీడియో కాల్‌లో చూపించాడుగా."
>
> ఇక కామినాడా అనే పరిశోధకుడి లేబుళ్లు పెట్టు: ఇన్ అంటే ఒప్పుకున్నట్టు, అవుట్ అంటే తోసేసినట్టు. కొట్టేవన్నీ అవుటైతే, లేదా కొట్టేది ఏదీ లేకపోతే, అది ఇన్. కొట్టేవాటిలో ఒక్కటి ఇన్ అయినా అది అవుట్. రెండూ కుదరకపోతే అన్‌డెక్ (అన్‌డిసైడెడ్, తేలనిది). మూడోది ఇన్, రెండోది అవుట్, మొదటిది మళ్లీ బతికింది. "ఆ వీడియో వేరే ఇంటిది" అని నాలుగోది వచ్చి మూడోదాన్ని కొడితే మొత్తం తిరగబడుతుంది. (ఆ నాలుగోది నువ్వూ కనుక్కో, డబ్బు కట్టకముందే.) గ్రౌండెడ్ సెమాంటిక్స్ (తప్పక ఒప్పుకోవాల్సినవే ఒప్పుకునే పద్ధతి) దాదాపు ఇంతే.

>> అన్నయ్య చెప్పింది బాగుంది కానీ బాణాలు చేత్తో గీసి అదే ప్రాజెక్టు అనకు బాబూ. అవి వాదన లోపలి నుంచి రావాలి. ఆస్పిక్ ప్లస్ (ASPIC+) అనే పద్ధతి చేసే పని అదే: ఆధారాన్ని కొట్టావా, ముగింపునా, లేక మధ్యలో వాడిన రూల్‌నా అని విడదీస్తుంది. ఇక్కడ అతిగా తేలిక చేస్తే ఏమవుతుందో 2007లో కామినాడా, ఆమ్‌గూద్ చూపించారు: వేలికి ఉంగరం ఉంది కాబట్టి పెళ్లయింది, రాత్రంతా స్నేహితులతో తిరుగుతున్నాడు కాబట్టి బ్రహ్మచారి. అప్పటికి వాడుకలో ఉన్న కొన్ని పద్ధతులు రెండింటినీ హాయిగా ఒప్పేసుకున్నాయి!
>>
>> కోడ్ రాస్తే గ్రౌండెడ్‌తో మొదలుపెట్టు, త్వరగా తేలుతుంది. స్టేబుల్ (అన్‌డెక్ ఏదీ మిగలకుండా అన్నీ ఇన్ లేదా అవుట్ అయ్యే లేబులింగ్) ఉందో లేదో తేల్చడమే ఎన్‌పీ కంప్లీట్, అంటే త్వరగా తేల్చే దారి ఇంకా తెలియని లెక్క.

అక్కా, మూడు చుక్కలు గుండ్రంగా ఒకదాన్నొకటి కొట్టుకుంటే?

>> గ్రౌండెడ్‌లో మూడూ అన్‌డెక్. స్టేబుల్ అడిగావా, అసలు జవాబే రాదు.