ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్ (ఎఫ్‌ఎన్‌పీ) చదువులో చేరే ముందు వార్డు అనుభవం తప్పనిసరి చేయాలా?

డాలస్ నర్సు:
గుంటూరులో బీఎస్సీ నర్సింగ్ చేశాను. టెక్సస్‌లో నాలుగేళ్లుగా వార్డు డ్యూటీ. ఇప్పుడు ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్ (ఎన్‌పీ, అంటే రోగిని తనే పరీక్షించి మందులు రాసే నర్సు) మాస్టర్స్‌కి అప్లై చేస్తున్నాను. నిరుడు లైసెన్స్ వచ్చినవాళ్లూ అప్లై చేస్తున్నారు. కనీసం రెండేళ్లు వార్డులో పనిచేసినవాళ్లకే సీటివ్వాలని నేనంటాను. మీరేమంటారు?

ఫీనిక్స్ ఎన్‌పీ:
నేను ఒప్పుకోను చెల్లీ. ఆరేళ్లు ఐసీయూలో చేశాకే ఇందులోకి వచ్చాను. క్లినిక్‌లో మొదటి రోజు చెవినొప్పితో ఒక చిన్న పిల్లాడు వచ్చాడు. కర్ణభేరి ఎర్రగా ఉంది. ఏడ్చినందుకా, ఇన్‌ఫెక్షనా? తేల్చుకోలేక చెమటలు పట్టాయి. వార్డులో డాక్టర్ ఆర్డర్ ఉంటుంది. ఇక్కడ యాంటీబయాటిక్ రాయాలా వద్దా అన్నది మనమే తేల్చాలి. అసలు లోటు ట్రైనింగ్‌లోనే ఉంది. ఎన్‌పీ చదువులకు పెట్టిన 2022 జాతీయ ప్రమాణాల్లో క్లినికల్ గంటలు, అంటే రోగుల్ని చూస్తూ నేర్చుకునే కనీస గంటలు, 500 నుంచి 750కి పెంచారు. వారానికి 40 గంటలు వేసుకున్నా పందొమ్మిది వారాలు నిండవు!

హ్యూస్టన్ డాక్టర్:
ఫ్యామిలీ మెడిసిన్‌లో మా రెసిడెన్సీ, అంటే డాక్టర్ డిగ్రీ తర్వాతి ట్రైనింగే మూడేళ్లు. అందుకే టెక్సస్‌లో డాక్టరుతో ఒప్పందం లేనిదే ఎన్‌పీలు మందులు రాయకూడదన్న రూల్ సరైనదే అంటాను. అయినా అనుభవాన్ని తీసిపారేయకండి మేడమ్. మనిషిని చూడగానే ‘ఈయన్ని ఇంటికి పంపకూడదు’ అనిపించడం వార్డులోనే అలవడుతుంది.

ఫీనిక్స్ ఎన్‌పీ:
అది నిజమే సార్. కానీ మా అరిజోనాలో అలాంటి ఒప్పందం అక్కర్లేదు, అంటే ట్రైనింగ్ ఇంకా గట్టిగా ఉండాలి. నేను చదివిన చోట ప్రిసెప్టర్‌ని, అంటే క్లినిక్‌లో దగ్గరుండి నేర్పేవాళ్లని, నన్నే వెతుక్కోమన్నారు. ఎన్ని క్లినిక్‌లు బతిమాలానో! చివరికి డబ్బు కట్టి ఒక చోట కుదుర్చుకుంటే, అక్కడికి వచ్చేవాళ్లంతా పెద్దవాళ్లే. పిల్లల చెవులు ఎక్కడ చూస్తాను? 1965లో కొలరాడోలో నర్సు లొరెట్టా ఫోర్డ్, పిల్లల డాక్టర్ హెన్రీ సిల్వర్ కలిసి ఈ చదువు మొదలుపెట్టిందే పిల్లల ఆరోగ్యం కోసం. లక్షలు ఫీజు తీసుకునే స్కూలు పక్కన నిలబడి నేర్పే మనిషిని కూడా చూపించకపోతే ఎలా? నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

డాలస్ నర్సు:
అక్కా, ఇది నాకు తట్టనే లేదు, ఫీజులే చూస్తున్నాను. సోమవారం నేను అప్లై చేస్తున్న మూడు స్కూళ్లకూ ఫోన్ చేసి ప్రిసెప్టర్‌ని, పిల్లల రొటేషన్‌ని (పిల్లల క్లినిక్‌లో ట్రైనింగ్‌ని) మీరే ఇస్తారా అని అడుగుతాను. రెండేళ్ల మాట మాత్రం వెనక్కి తీసుకోను.