చర్చ: బత్తాయి, మామిడి కొమ్మలు కోసే మిషన్లకు ఏ గేర్‌బాక్స్ ఆగుతది?

హాలియా_బత్తాయి:
45 హెచ్‌పీ ట్రాక్టర్‌కు పక్కన తగిలించే హెడ్జర్, చెట్ల పక్క కొమ్మలు కోసేది. నాలుగు రంపపు చక్రాలు, ఒక్కోటి 500 మి.మీ. చల్క నేల, ఎండాకాలం 44 డిగ్రీలు, దుమ్ము సంగతి మీకు చెప్పే పనిలేదు. ఇప్పుడున్న అల్యూమినియం గేర్‌బాక్స్‌ల బేరింగ్ సీటు లూజైంది, కింది సీల్ కారుతుంది. కొత్తది తీసుకోవాలె. అడిగేది నాలుగే: కాస్ట్ ఐరనా అల్యూమినియమా, రేషియో (వేగం ఎన్ని రెట్లు మార్చాలె) ఎంత, ఏ ఆయిల్, రేటింగ్ ఎంత హెచ్‌పీది. కంపెనీ పేర్లు వద్దు, పేర్లొస్తే మళ్ళ లొల్లి.

మిస్త్రీ_మిర్యాలగూడ:
కాస్ట్ ఐరన్. ఇందుల ఆలోచించేది లేదు. అల్యూమినియం వేడికి ఇనుముకంటే దాదాపు రెట్టింపు సాగుతది. 6207 బేరింగ్ బయటి రింగు 72 మి.మీ. బాక్స్ వేడి 60 డిగ్రీలు పెరిగిందంటే హౌసింగ్ (బాక్స్ డొల్ల) రంధ్రం 0.10 మి.మీ. దాకా పెరుగుతది, రింగు 0.05 మాత్రమే. పట్టు పోయినంక రింగు సీట్ల తిరుగుడు షురూ. తిరిగిన సీటును గమ్ పెట్టి కూర్చోబెడితే వారం. బోరింగ్ చేసి స్టీల్ బుష్ దింపితేనే మళ్ళ నిలుస్తది. ఆ ఖర్చు చూస్తే కొత్త బాక్సే నయం.

కొల్లాపూర్_మామిడి:
మా మామిడికి హెడ్జర్లు పనికిరావు, అందరం పోల్ ప్రూనరే, పొడుగు కర్ర కొసకు రంపం ఉండేది. దాని గేర్ హెడ్ గురించి ఎవరూ రాయరు కాబట్టి రాస్తున్న. కొనేముందు పైపు 26 మి.మీ.దా 28 మి.మీ.దా, లోపలి షాఫ్ట్ పళ్ళు 7 ఆ 9 ఆ లెక్కబెట్టుకోండి. తేడా వస్తే అసలే కూర్చోదు, కూర్చున్నట్టు కనిపించినా పళ్ళు నాకేస్తది. హెడ్‌ల ఆయిల్ పోయొద్దు, లిథియం గ్రీజు. పక్క స్క్రూ తీసి 20-25 గంటలకోసారి కొద్దిగ పెట్టాలె, ముప్పావు వంతు నిండితే చాలు. నిండా కుక్కితే వేడికి సీల్‌ను బయటికి తంతది.

జడ్చర్ల_ష్రెడ్డర్:
చూసిన్రా, గ్రీజే మేలు. ట్రాక్టర్ గేర్‌బాక్స్‌లు కారితే మా దగ్గర కూడా ఆయిల్ తీసేసి గ్రీజు కొడతరు. కారుడు బంద్. హాలియా అన్న, కొత్తది ఎందుకు, 2 కిలోల గ్రీజుతోటి పనైపోతది.

పీటీఓ_పెద్దన్న:
ఈ సలహా ఇచ్చినోళ్ళను ముందు ఆ బాక్స్ విప్పుమనాలె. గేర్‌బాక్సులు విప్పుడే నా పని, గ్రీజు కొట్టిన బాక్స్ మూత తీయకముందే చెప్తా లోపల ఏముందో. పళ్ళు తిరిగే దారి మేరకు గ్రీజు పక్కకు తోసుకుపోతది, గోడకు అంటుకొని అక్కడనే కూసుంటది. పంటికి ఏమీ మిగలదు. ఆయిల్ ఐతే మళ్ళ జారి వస్తది, పంటి మీది వేడిని గోడకు తీసుకపోతది. గ్రీజు ఈ రెండు పనులూ చెయ్యదు. ఇనుప రజను కూడా కింద దిగకుండ గ్రీజులనే తిరుగుతుంటది, అదే సాన పట్టే పేస్టు. పళ్ళు నీలం రంగు తిరిగి ఉంటయి, అంటే కరుకుదనం పోయిందన్నట్టే. కారుడు బందైందని సంబరపడేలోపు పినియన్ (చిన్న గేరు) పోతది.

జడ్చర్ల_ష్రెడ్డర్:
మరి కొల్లాపూర్ అన్న చెప్పింది తప్పా? కంపెనీ పుస్తకంలనే గ్రీజు అని రాసి ఉంటది కదా.

కొల్లాపూర్_మామిడి:
నేను చెప్పింది పోల్ ప్రూనర్ హెడ్ గురించి తమ్మీ. అది గుప్పెడంత ఉంటది, కర్రకు వేలాడదీసి ఎటుబడితే అటు తిప్పుతం, ఆయిల్ పోస్తే నిలవదు. అందుకే కంపెనీ గ్రీజు పెట్టింది. నీ ష్రెడ్డర్ (కొమ్మలు తుక్కు చేసే మిషన్) బాక్స్ ఒక్కతీరుగ కూర్చొని 25 కిలోవాట్లు లాగుతది. రెండింటినీ ఒకటి చెయ్యకు, నా పేరు అడ్డం పెట్టుకోకు.

పీటీఓ_పెద్దన్న:
అదీ. కారుతుందంటే సీల్ మార్చాలె, ఎందుకు కారుతుందో చూడాలె. చాలాసార్లు సీల్ తప్పు కాదు, బ్రీదర్ (బాక్స్ లోపలి గాలి బయటికి పోయే చిన్న బొక్క) తప్పు.

చల్కనేల_నాంపల్లి:
బ్రీదర్ అన్నరు కాబట్టి చెప్తున్న. మన దుమ్ముల, ఆకు రసంల ఆ చిన్న బొక్క మూసుకపోతది. లోపల గాలి వేడెక్కి ఒత్తిడి పెరిగితే మెత్తగున్న చోటు నుంచి బయటికొస్తది, అదే సీల్ పెదవి. బ్రీదర్ తీసి అక్కడ 30 సెం.మీ. రబ్బరు పైపు పెట్టి పైకి లాగి, కొసకు చిన్న ఫిల్టర్ పెట్టండి. రెండోది, సీల్ కూర్చునే చోట షాఫ్ట్ మీద గోరుతోటి గీకి చూడండి. పలుగురాయి పొడి షాఫ్ట్‌ను గాడి లెక్క కోసేస్తది. ఆ గాడి మీద కొత్త సీల్ వేసినా అదే కారుడు. సీల్‌ను 2-3 మి.మీ. లోపలికి జరిపి దింపితే పెదవి కొత్త చోట కూసుంటది, లేదంటే షాఫ్ట్‌కు స్లీవ్ ఎక్కించాలె. సీల్ రెండు పెదవులది తీసుకోండి, బయటి పెదవి దుమ్ముకు. నడుమ ఖాళీల గ్రీజు పెట్టండి, ఇక్కడ మాత్రం గ్రీజే.

హాలియా_బత్తాయి:
సీల్ రబ్బరు నైట్రైలా వైటానా?

చల్కనేల_నాంపల్లి:
నైట్రైల్ 100 డిగ్రీల దాకా. ఆ పైన గట్టిపడి పగులుతది. మన ఎండకు బాక్స్ 85-90 ఎక్కుతది, సీల్ పెదవి దగ్గర రాపిడికి ఇంకా ఎక్కువ. ఇన్‌పుట్ సీల్‌కు నైట్రైల్ సరిపోతది, వేగంగ తిరిగే అవుట్‌పుట్‌కు వైటాన్ పెట్టండి. ధర ఎక్కువే, కానీ ఒక సీల్ కోసం బాక్స్ మొత్తం దించే కూలీకంటే తక్కువ.

వనపర్తి_రైతు:
ఆయిల్ చిక్కటి 140 గ్రేడ్‌ది పోయండి అన్నలూ. ఎండకు 90 నీళ్ళ లెక్క అయితది.

మిస్త్రీ_మిర్యాలగూడ:
ఇది అందరికీ చెప్పేది కాదు. నెమ్మదిగ తిరిగే రొటవేటర్‌కు 85డబ్ల్యూ140 పోయొచ్చు. హెడ్జర్ బాక్స్ వేగం పెంచేది, పీటీఓ (ట్రాక్టర్ వెనక తిరిగే షాఫ్ట్) ఇచ్చే నిమిషానికి 540 చుట్లను 1000 పైకి తీసుకపోతది. చిక్కటి ఆయిల్‌ను పళ్ళు చిలుకుతుంటే ఆ చిలుకుడుకే వేడెక్కుతది. దీనికి 80డబ్ల్యూ90, ఈపీ (ఎక్కువ ఒత్తిడి తట్టుకునే) రకం, జీఎల్-4 లేదా జీఎల్-5 గ్రేడ్. లోపల ఇత్తడి, కంచు ముక్క ఏదైనా ఉంటే జీఎల్-5 వద్దు, దాంట్ల గంధకం మందు వేడికి ఇత్తడిని తింటది. అచ్చం ఉక్కు పళ్ళ బెవెల్ బాక్స్ ఐతే ఏదైనా సరే.

మొదటి ఆయిల్ 50 గంటలకే మార్చాలె, కొత్త పళ్ళ రజను అంతా అప్పుడే దిగుతది. తర్వాత 500 గంటలకు, లేకపోతే సీజన్‌కు ఒకసారి, ఏది ముందైతే అది. డ్రెయిన్ ప్లగ్‌కు అయస్కాంతం ఉన్నది అడగండి. మెత్తటి బూడిద పేస్టు ఐతే ఫర్వాలేదు. మెరిసే రేకు ముక్కలు కనబడితే పంటి పై పొర లేస్తుంది, బాక్స్ విప్పాలె.

పీటీఓ_పెద్దన్న:
వనపర్తి అన్న, మీ ట్రాక్టర్ల 140 పోస్తే అది మీ ఇష్టం, ఈయన బాక్స్‌ను కరాబ్ చెయ్యకండి.

వనపర్తి_రైతు:
మేం రైతులం, అనుభవం చెప్తున్నం. ఇక్కడ అందరూ ఇంజినీర్లైపోయిన్రు.

మోడరేటర్:
మాట మర్యాద. విషయం గేర్‌బాక్స్.

నాగర్‌కర్నూల్_కుర్రోడు:
పాత రొటవేటర్ గేర్‌బాక్స్ స్క్రాప్‌ల దొరుకుతది కదా, అది వేసేస్తే? గట్టిది, కాస్ట్ ఐరన్.

పీటీఓ_పెద్దన్న:
గట్టిదే, కానీ అది వేగం తగ్గించే బాక్స్. మీకు కావాల్సింది పెంచేది. 500 మి.మీ. చక్రం కొమ్మను తెగ్గొయ్యాలంటే అంచు వేగం సెకనుకు 50 మీటర్ల దాపున ఉండాలె, అంటే చక్రం నిమిషానికి 2000 చుట్లు. 540 ని 1.93 రేషియోతోటి 1040 కు తెచ్చి, బెల్టు పుల్లీతోటి రెట్టింపు చేస్తే 2080. హాలియా తమ్మీ, నీ రెండో ప్రశ్నకు ఇదే జవాబు. ఒక్క బాక్స్‌తోనే 1:4 అంటే పినియన్ చిన్నగైతది, పళ్ళు బలహీనం, కొమ్మ ఇరుకుకున్నప్పుడు అదే ముందు పోతది. బెల్టు ఉంటే ఇరుకుకున్నప్పుడు జారుతది, బాక్స్ మీద పడే దెబ్బ తగ్గుతది. రొటవేటర్ బాక్స్‌ను తిరగేసి బిగిస్తే రేషియో తిరగబడతది గానీ, పళ్ళ వెనక ముఖం మీద లోడు పడతది, ఆ బేరింగ్‌లు ఆ వేగానికి పెట్టినవి కావు.

హైడ్రాలిక్_గద్వాల:
ఇంతసేపు గేర్‌బాక్స్ అంటున్నరు, అసలు ఎందుకు అది? ఒక్కో చక్రానికి హైడ్రాలిక్ మోటర్ పెట్టండి. ఇరుకుకుంటే రిలీఫ్ వాల్వ్ తెరుచుకుంటది, అంతే. పళ్ళు లేవు, సీల్ గొడవ లేదు. యూరప్‌ల కూడా ఇవి వాడుతరు.

మిస్త్రీ_మిర్యాలగూడ:
యూరప్‌ల మన లెక్క 44 డిగ్రీలు మామూలు కాదు సార్. లెక్క చూడండి: నాలుగు చక్రాలకు 12 కిలోవాట్లు అనుకుంటే, 150 బార్ దగ్గర నిమిషానికి 48 లీటర్లు, నష్టాలు కలిపితే 55-60. మన 45 హెచ్‌పీ ట్రాక్టర్ సొంత పంపు అంత ఇవ్వదు. పీటీఓకు విడిగ పంపు, 100 లీటర్లకు తక్కువ కాని ట్యాంకు, ఫ్యానున్న కూలర్ కావాలె. ఆ పంపు తిప్పడానికి కూడా వేగం పెంచే గేర్‌బాక్సే పెడతరు చాలామట్టుకు. మళ్ళ మొదటికే వచ్చినం. ఇంకొకటి, మోటర్ సీల్ తెగితే ఆ ఆయిల్ అంతా చెట్టు మొదట్ల పోతది.

హైడ్రాలిక్_గద్వాల:
మెయింటెనెన్స్ రానోళ్ళు గేర్‌బాక్సే పెట్టుకోండి.

మునుగోడు_ట్రాక్టర్:
ఈ గొడవల రేటింగ్ ఎవరూ చెప్పలేదు. 45 హెచ్‌పీ ట్రాక్టర్‌కు పీటీఓ దగ్గర 38 హెచ్‌పీ చేతికొస్తది, 28 కిలోవాట్లు. 9550 × 28 ÷ 540 = 495 న్యూటన్ మీటర్లు. రంపం దెబ్బలు కొట్టే లోడు కాబట్టి 1.5 తోటి గుణించండి, 750 దాపు. కేటలాగ్‌ల ఇన్‌పుట్ టార్క్ అంత ఉన్న బాక్స్ తీసుకోండి. హెచ్‌పీ అంకె ఒక్కటే చూడొద్దు, కొందరు 1000 ఆర్‌పీఎంకు రాసిన హెచ్‌పీని పెద్దగ అచ్చేస్తరు. 540 దగ్గర ఎంతో అడగాలె.

నాగర్‌కర్నూల్_కుర్రోడు:
బత్తాయి పుల్లలకు 10 హెచ్‌పీ కూడా పట్టదు కదా అన్న, అంత పెద్దది ఎందుకు?

మునుగోడు_ట్రాక్టర్:
కోస్తున్నప్పుడు పట్టదు. ఎండు కొమ్మ చక్రం సందుల ఇరికి ఠక్కున ఆగినప్పుడు ఇంజిన్ ఫ్లైవీల్ వేగమంతా ఒక్క పంటి మీద పడతది. అందుకే షియర్ బోల్టు, లోడు మించితే ముందు తనే తెగేది. అది 8.8 గ్రేడ్ ఐతే 8.8 ఏ పెట్టాలె. మాటిమాటికి తెగుతుందని 12.9 పెట్టేటోళ్ళున్నరు, కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, బోల్టు నిలుస్తది, పినియన్ పన్ను రాలుతది. ఇంకొకటి, వరుస చివర పీటీఓ బంద్ చేసినప్పుడు చక్రాలు ఆగవు, వెనక నుంచి బాక్స్‌ను తోస్తయి. ఫ్రీవీల్ (ఒక దిక్కే బలం పంపేది) ఉన్న జాయింట్ షాఫ్ట్, అంటే పీటీఓ నుంచి బాక్స్‌కు పోయే షాఫ్ట్, తీసుకుంటే ఆ బాధ లేదు.

మిస్త్రీ_మిర్యాలగూడ:
జాయింట్ షాఫ్ట్ పొడుగు కూడా చూడండి. హెడ్జర్ ఎత్తి దించినప్పుడు పైపు లోపల తగిలి తన్నితే ఇన్‌పుట్ బేరింగ్ గుద్దుకొని పోతది, బాక్స్ మీద తప్పేస్తరు. అన్నిటికంటే దగ్గరైన స్థితిలో 25 మి.మీ. ఖాళీ మిగలాలె, దూరమైనప్పుడు మూడో వంతు పైపు ఒకదాంట్ల ఒకటి ఉండాలె. రెండు కొసల యోకులు (కీలు పట్టుకునే ఫోర్కులు) ఒకే లైన్ల ఉండాలె.

నకిరేకల్_నిమ్మ:
గేర్‌బాక్స్ పక్కనపెట్టండి, బత్తాయికి, నిమ్మకు హెడ్జరే తప్పు. ఎండు పుల్ల, నీటి కొమ్మ ఏరి తీయాలె గానీ గోడ లెక్క చెక్కితే పూత ఎక్కడొస్తది? కోసినంక బోర్డో పేస్ట్ పెడుతున్నరా ఎవరైనా? 1 కిలో మైలుతుత్తం, 1 కిలో సున్నం, 10 లీటర్ల నీళ్ళు.

హాలియా_బత్తాయి:
దారికి అడ్డమొచ్చే పక్క కొమ్మలకే సార్, పైన ముట్టను. పేస్ట్ పెడతం.

చల్కనేల_నాంపల్లి:
పేస్ట్ బకెట్ హెడ్జర్ ఫ్రేమ్ మీద పెట్టి తిరగకండి. మైలుతుత్తం నీళ్ళు ఇనుమును తింటయి. షాఫ్ట్ మీద చిందితే సీల్ కూర్చునే చోట గుంటలు పడతయి. ఇనుప బకెట్ల అసలే కలపొద్దు, ప్లాస్టిక్‌ల కలపండి.

జడ్చర్ల_ష్రెడ్డర్:
మా ష్రెడ్డర్‌కు డ్రిప్ పైపు, సుతిలి చుట్టుకొని సీల్ కోస్తుంది, దానికేమన్నా ఉందా? గ్రీజు సంగతి వదిలేసిన.

పీటీఓ_పెద్దన్న:
షాఫ్ట్ చుట్టూ హౌసింగ్‌కు 3 మి.మీ. రేకు రింగు వెల్డ్ చెయ్యి, షాఫ్ట్‌కు ఇంకో కప్పు రింగు, రెండూ ఒకదాంట్ల ఒకటి దూరేటట్టు. వెల్డింగ్ ముందు సీల్ తీసెయ్యి, ఎర్త్ క్లిప్ ఏ ముక్కకు వెల్డ్ చేస్తున్నవో ఆ ముక్కకే పెట్టు. ఒకటి వెల్డ్ చేస్తూ రెండోదానికి పెడితే కరెంటు బేరింగ్ లోంచి పోయి గుండ్లు మచ్చలు పడతయి.

హాలియా అన్న, ఆర్డర్ ఇచ్చేటప్పుడు మూడు మాటలు రాసివ్వు. పళ్ళు 20 ఎంఎన్‌సీఆర్ 5 లేదా ఈఎన్ 353 ఉక్కువి, కార్బరైజ్ చేసినవి (పై పొర గట్టిపరిచినవి), కరుకుదనం 58-62 హెచ్‌ఆర్‌సీ. వచ్చినంక ఆకురాయి పెట్టి పంటి కొసను గీకు, జారిపోవాలె. గీత పడితే ఈఎన్ 8 అనే మామూలు ఉక్కును కోసి రంగేసి ఇచ్చినట్టు. రెండోది, అవుట్‌పుట్ షాఫ్ట్ నిలువుగా ఉంటదని చెప్పు. ఆయిల్ కిందికి దిగి పై బేరింగ్ ఎండిపోతది. పై బేరింగ్ రెండు దిక్కులా మూసినదో, విడిగ గ్రీజు నిపుల్ ఉన్నదో కావాలె. సాధారణ బాక్స్‌ను నిలబెట్టి బిగిస్తే ఒక్క సీజన్ కూడా పోదు. నీ పాతదానికి అదే అయ్యుంటది.

హాలియా_బత్తాయి:
అవునన్న, నిలువుదే. మూడోది?

పీటీఓ_పెద్దన్న:
తిరిగే దిశ. ట్రాక్టర్ వెనక నిలబడి చూస్తే పీటీఓ గడియారం దిశల తిరుగుతది. లోపల క్రౌన్ (పెద్ద గేరు) ఏ పక్కకు ఉందన్న దాన్ని బట్టి అవుట్‌పుట్ తారుమారైతది. రంపం పళ్ళు ఎటు చూస్తున్నయో చూసి రాయి. చక్రం నట్టు మర కూడా దానికి తగ్గదే ఉండాలె, తిరుగుతుంటే బిగిసేది. ఎదురు మర ఐతే తోటలనే ఊడొస్తది.

నాగర్‌కర్నూల్_కుర్రోడు:
సీల్‌లు ఎక్కడ దొరుకుతయి అన్న, నల్గొండల అడిగితే సైజు లేదంటున్నరు.

చల్కనేల_నాంపల్లి:
సికింద్రాబాద్‌ల రాణిగంజ్ పో. పాత సీల్ చేతుల పట్టుకపో, దాని మీద మూడు అంకెలుంటయి: లోపలిది, బయటిది, మందం. 35-62-10 ఉంటే 35-62-7 ఇచ్చి పంపుతరు, మందం చూసుకో.