ప్రవాసం వీరాల్ట్ చేతిని కట్టేసిందా?

తూర్పుగాలి:
ఎస్టోనియా కళాకారుడు ఎడ్వర్డ్ వీరాల్ట్ (1898–1954) బొమ్మలు ఈమధ్య వరసగా చూస్తున్నాను. రాగి రేకుల మీద, చెక్క మీద గీతలు చెక్కి అచ్చులు తీసిన మనిషి. 1930–32లో చేసిన ‘నరకం’లో తలల్లోంచి తలలు మొలుచుకొస్తాయి. అది చూసిన రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. 1944లో దేశం వదిలాక మళ్లీ ఆ స్థాయి పని రాలేదు. ఆయన కళను ప్రవాసమే మింగేసిందని నేనంటాను. కాదనేవాళ్లు చెప్పండి.

అచ్చుపని:
నేను కాదంటానండీ. ‘నరకం’, ‘కాబరే’, ‘బోధకుడు’ మూడూ పారిస్ రోజుల పనులే. 1925 నుంచి 1938 దాకా అక్కడే ఉన్నాడు. అదీ పరాయి నేలే కదా? అసలు ఆయన పుట్టింది కూడా ఎస్టోనియాలో కాదు, సెయింట్ పీటర్స్‌బర్గ్ దగ్గరి ఒక ఎస్టేటులో.

ఇంకో మాట. మీకు నిద్ర పట్టనివ్వని ఆ ఉధృతి 1944లో పోలేదు, అంతకు చాలాముందే నెమ్మదించింది. 1937 నాటి ‘పడుకున్న పులి’ చూడండి, ఎంత నిమ్మళంగా ఉంటుందో. ఆ తర్వాత మొరాకో వెళ్లొచ్చి గీసిన బెర్బెర్ తెగ అమ్మాయి, ఒంటె కూడా అంతే. ఆ మార్పు ఆయన తనంతట తాను ఎంచుకున్న దారి.

తూర్పుగాలి:
తేదీల విషయం ఒప్పుకుంటాను. కానీ 1925లో వెళ్లినవాడికి తిరిగొచ్చే దారి ఉంది, 1939లో వచ్చాడు కూడా. 1944లో ఎర్రసైన్యం మళ్లీ వచ్చేసరికి 70 వేలకు పైగా జనం ఆ చిన్న దేశం వదిలిపోయారు. ఇక ఆ దారి మూసుకుపోయింది. మొదటిసారి ఆయన ప్రవాసి, రెండోసారి కాందిశీకుడు. ఈ రెండు మాటలకీ తేడా మన భాషకు బాగా తెలుసు.

అచ్చుపని:
ఈ మాట నిజం, నేను దీన్ని తేలిగ్గా తీసుకున్నాను. అయితే పనిముట్ల సంగతి కూడా చూడాలి. రేకుకు మైనం పూయాలి, సూదితో గీయాలి, ఆమ్లంలో ముంచాలి, సిరా పట్టించి తుడిచి, తడి కాగితం వేసి ప్రెస్సులో నొక్కాలి. కాలేజీలో నేను ఎచింగ్ నేర్చుకున్నప్పుడు అరచేయంత రేకుకే మూడు వారాలు పట్టింది. వియన్నా, స్వీడన్, మళ్లీ 1946లో పారిస్ అంటూ తిరిగిన మనిషి ప్రెస్సుని వీపున మోసుకుపోలేడు. పైగా కడుపు క్యాన్సర్. 1954 జనవరిలో పోయేనాటికి 55 ఏళ్లే. తక్కువ పని చేశాడని లెక్కేసేటప్పుడు ఇవన్నీ లెక్కలోకి రావాలి.

కొత్తసభ్యురాలు:
ఆయన సమాధి పారిస్‌లోని పేర్ లాషేజ్ శ్మశానంలోనే ఉంది. ఏ దేశపు కళాకారుడన్న ప్రశ్న మాత్రం నాకు అక్కడ తేలలేదు.

తూర్పుగాలి:
‘మింగేసింది’ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ 1943లో, జర్మన్ల ఆక్రమణలో ఉన్న సొంత దేశంలో, ఆయన చేసిన విల్యాండి అనే ఊరి ప్రకృతి దృశ్యాన్ని ఒకసారి చూడండి. దాని పక్కన తర్వాతి అచ్చులు పెడితే నాకు లోటు కనిపిస్తూనే ఉంది.